నలభై ఒకటో నంబరు పాట

ఆ నవంబరులో పాలీన్ కాథార్న్‌కి గ్రిమ్స్‌బీ అనే ఇంగ్లండు రేవు ఊళ్ళో నిలవడానికి చోటు లేకుండా పోయింది. సూపర్‌మార్కెట్లో పాలసీసా కోసం చెయ్యి చాపితే నెత్తిమీది స్పీకర్లోంచి అన్న నెవిల్ పాడుతున్న గొంతు. మందుల షాపు వరసలో నిలబడితే అక్కడా అన్న గొంతే. పోనీ ఇంత చేపా చిప్సూ కొనుక్కుని ఇంటికి పోదామని వీధి మలుపులో కొట్టుకి వెళితే, సలసల కాగే నూనెలో హాడక్ చేప ముక్కలు వేస్తున్న పిల్ల కూడా అదే కూనిరాగం తీస్తోంది. ఆ పిల్ల పుట్టేనాటికే ఆ పాటకి పాతికేళ్ళు.

కాలం అలా తిరగబడింది మరి. ఒకప్పుడు పాత పాటంటే పాత చింతకాయ పచ్చడి అని మూతి తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వారం వారం రేడియోలో చదివే నలభై పాటల జాబితా చూడండి, సగానికి సగం తాతలనాటివే. ఎవరో టీవీ సీరియల్లో ఒక పాత పాట వేస్తారు, దాన్ని పిల్లలు ఫోనుల్లో పావు నిమిషం ముక్క చేసి గంతులేస్తారు, అంతే, ఏనాడో పాతిపెట్టిన పాట లేచి కూర్చుంటుంది. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటలు ఎలాగూ ఏటా చుట్టాల్లా దిగబడతాయి, వాటి సంగతి వేరు. ఈ నడమ కొత్తగా గొంతు విప్పే కుర్రకారు నోట్లో మాత్రం దుమ్మే.

ఈసారి లేచి కూర్చున్నది నెట్ లాఫ్ట్ అనే బృందం 1981లో పాడిన 'అల వెనక్కి వెళ్ళాక'. రేవులో వలలు బాగుచేసే అటక మీద సాధన చేసుకున్న నలుగురు కుర్రాళ్ళ బృందం అది. పాడినవాడు పాలీన్ అన్న నెవిల్. ఒక సీరియల్ ఆఖరి భాగంలో, సముద్రంలోకి వెళ్ళిన మొగుడి కోసం ఇసుకలో నిలబడ్డ ఆడమనిషి ముఖం మీద నాలుగు నిమిషాలు మాటా పలుకూ లేకుండా ఈ పాట ఒక్కటే నడిపారు. దేశమంతా ముక్కు చీదుకుంది. మూడు వారాల్లో పాట జాబితాలో రెండో స్థానానికి ఎగబాకింది. శుక్రవారం మొదటి స్థానం ఖాయమని పేపర్లన్నీ రాశాయి.

నెవిల్‌కి అరవై ఏడు. నలభై ఏళ్ళు చేపలు పొగబెట్టే కొట్టంలో పనిచేసి, చన్నీళ్ళకి వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి, భార్య పోయి, సాయంత్రాలు పబ్బులో ఒక మూల సగం గ్లాసుతో కాలక్షేపం చేస్తున్న మనిషి. అలాంటివాడు ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు. కొత్త కోటు కొన్నాడు. వీధిలో ఎవరన్నా "ఏం నెవ్, స్టారువైపోయావే!" అంటే, "ఆటోగ్రాఫు కావాలంటే వరసలో రండ్రా" అంటున్నాడు. అన్న ముఖంలో ఆ వెలుగు చూసి పాలీన్ సంతోషించింది. ఆ వెంటనే భయపడింది. ఆ పాట వెనక ఆమె ఒక్కతే మోస్తున్న మాట ఒకటుంది.

సోమవారం మధ్యాహ్నం ఆ భయం వచ్చి తలుపు కొట్టింది. వచ్చినామెకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బడిలో పిల్లలకి భోజనాలు వడ్డించే పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, కోటు కింద ఇంకా ఏప్రనుంది.

"నేను కీత్ డ్రూరీ కూతుర్ని, ఆంటీ. లియాన్. రెండేళ్ళ కింద నాన్న అంత్యక్రియలప్పుడు మీరు వెనక వరసలో కూర్చున్నారు. పలకరిద్దామనుకునేలోగా వెళ్ళిపోయారు."

పాలీన్ ఆమెని లోపలికి పిలిచి టీ పెట్టింది.

"పాట మధ్యలో అందరూ ఆగిపోయి డ్రమ్ ఒక్కటే నడుస్తుంది చూడండి, ఇప్పుడు ఫోనుల్లో పిల్లలు గంతులేస్తున్నదంతా ఆ ముక్కకే" అంది లియాన్. "అది మా నాన్న. పేపర్లో మీ అన్నయ్యగారి ఫొటో వేశారు, గిటారాయన పేరు వేశారు. డ్రమ్స్ ఎవరు వాయించారో ఒక్కరూ రాయలేదు. మా పిల్ల స్కూల్లో చెబితే కోతలు కొయ్యకే అన్నారట."

"మీ నాన్న ఇంట్లో వాయించేవాడా అమ్మా?"

"ఎక్కడ! రొట్టెల వ్యాను తోలుకున్నాడు జీవితమంతా. మా ఇంట్లో రేడియో కూడా వార్తలకే. మీ అన్నయ్యగారికీ ఆయనకీ ఏదో గొడవని అమ్మ అంటుంది, ఏంటో నాన్న చెప్పలేదు. నాకు ఆ గొడవలన్నీ అక్కర్లేదాంటీ. శుక్రవారం రేడియోలో మాట్లాడతారట కదా మీ అన్నయ్యగారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాన్న పేరు చెప్పమనండి. అమ్మ వింటుంది."

ఆ అడిగిన తీరు చూస్తే రాయి కూడా కరిగేది. చెబుతానమ్మా అని మాటిచ్చి, ఆమెని గేటు దాకా సాగనంపి, పాలీన్ అటునుంచి అటే నెవిల్ ఇంటికి వెళ్ళింది. మధ్యలో రెండు వీధులే.

"వాడి పేరా? నా నోటితోనా?" నెవిల్ బూట్లకి పాలిష్ పెడుతున్నవాడల్లా బ్రష్ ఆపాడు. "నీకేమన్నా మతిపోయిందటే?"

"చచ్చిపోయాడు కదా నెవ్."

"చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు. తిట్టను. పేరూ ఎత్తను. తిన్నింటి వాసాలు లెక్కబెట్టిన వెధవ! అమ్మ చేతి తిండి ఎంత మెక్కాడు వాడు ఈ ఇంట్లో? మనందరి నోట్లో మట్టి కొట్టి, పైగా నేను కాదంటాడా?"

"ఒకవేళ నిజంగానే వాడు కాకపోతే?"

"మరెవడే? పుస్తకం దానంతటదే రాసుకుందా?"

జవాబు చెప్పకపోవడం ఆమెకి నలభై మూడేళ్ళ అలవాటు. బ్రష్ మళ్ళీ కదిలింది, ఆమె ఇంటికొచ్చేసింది.

అప్పట్లో పాటల జాబితా తయారు కావడానికి ఒక పద్ధతుండేది. దేశంలో కొన్ని రికార్డుల కొట్లని ఎంచుకుని ఒక్కోదానికి ఒక్కో పుస్తకం ఇచ్చేవాళ్ళు. రికార్డు అమ్ముడుపోయినప్పుడల్లా దాని నంబరు చేత్తో అందులో రాయాలి. వారానికోసారి ఆ పుస్తకం వెళ్ళిపోతుంది, లెక్క తేలుతుంది, మంగళవారం మధ్యాహ్నం రేడియోలో కొత్త జాబితా చదువుతారు. ఏ కొట్లో పుస్తకముందో బయటికి పొక్కకూడదని నియమం. గ్రిమ్స్‌బీలో ఆస్క్యూగారి కొట్లో ఉందని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ కొట్టు కౌంటర్లో కూర్చుని ఆ పుస్తకం రాసేది పాలీన్. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. మధ్యాహ్నాలు కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని, కనబడ్డ ప్రతి వస్తువు మీదా వేళ్ళతో తాళం వేస్తూ కబుర్లు చెప్పేవాడు కీత్ డ్రూరీ. వసంతంలో పెళ్ళి చేసుకుందామనుకున్నారు.

ఆ పాటే నెట్ లాఫ్ట్ మొదటి పాట. అది నలభై ఒకటి దాకా వచ్చి ఆగింది. నలభై లోపు వస్తేనే ఆదివారం సాయంత్రం రేడియోలో పాట వేస్తారు, దేశమంతా వింటుంది, టీవీకి పిలుస్తారు. ఒక్క మెట్టు. నెవిల్‌కి తిండి సయించడం మానేసింది. ఇంట్లో అమ్మ మొక్కులు మొదలెట్టింది. శనివారం మధ్యాహ్నం ఆస్క్యూగారు టీ తాగడానికి వెళ్ళినప్పుడు పాలీన్ పుస్తకం తెరిచి, ఆ పాట నంబరు రాసింది. మళ్ళీ రాసింది. ఒకే పెన్నుతో, కూర్చున్న చోటు కదలకుండా, డెబ్భై సార్లు. రాస్తున్నంతసేపూ ఆమె గుండెలో ఉన్నది ప్రేమే. అన్న మీద ప్రేమ, కీత్ మీద ప్రేమ. కానీ ప్రేమకి లెక్కలు రావు. ఆ కొట్టుకి వచ్చిన ఆ పాట రికార్డులే పాతిక. పాతిక తెచ్చి డెబ్భై ఎలా అమ్మారని అడిగేవాడు ఒకడుంటాడని ఆ పిల్లకి తట్టనేలేదు.

అడిగారు. పాటని జాబితాలోంచి కొట్టేశారు. ఆస్క్యూగారి పుస్తకం లాక్కున్నారు. రికార్డు కంపెనీ వాళ్ళు నలుగురు కుర్రాళ్ళనీ దొంగలంటూ ఒప్పందం చింపేశారు. అన్నిటికన్నా ఘోరమైన మాట కంపెనీవాడు ఫోను పెట్టేసే ముందు అన్నాడు. ఆ దొంగరాతలు లేకపోయినా ఆ వారం పాట ముప్ఫై ఎనిమిదికి వచ్చేదేనట.

పాలీన్ అంటే ఆస్క్యూగారికి కూతురితో సమానం. ఆమెని అనుమానించాలన్న ఊహే ఆయనకి రాలేదు. "ఆ డ్రమ్ముల కుర్రాడు రోజూ ఇక్కడే కదా తిష్ట" అన్నాడు, కొట్లో అందరి ముందూ. నెవిల్ గిరుక్కున కీత్ వైపు తిరిగాడు. కీత్ "నేను కాదు" అని పాలీన్ వైపు చూశాడు. రాసింది తను కానప్పుడు ఇంకెవరో తెలుసుకోవడానికి కీత్‌కి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆమె చెబుతుందని ఎదురుచూశాడు. ఆమె నేల చూసింది. అంతే, అతను ఇంకో మాట అనకుండా కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపు మాత్రం పాలీన్ దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఆమెని చేసుకుంటామన్నవాళ్ళు ఇద్దరొచ్చారు. ఇద్దరికీ కాదంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం నాలుగు గంటలకి, రేడియో స్టేషనుకి వెళ్ళడానికి పాలీన్ తన చిన్న కారులో అన్నని ఎక్కించుకుంది. నెవిల్ కొత్త కోటులో, సెంటు కొట్టుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"గొంతు సవరించుకోవడానికి మిరియాల బిళ్ళ తెచ్చావా?"

"తెచ్చాను."

"నంబర్ వన్ అనగానే నేను గంభీరంగా ఉండాలా, నవ్వాలా? పబ్బులో వాళ్ళేమో ఏడవమంటున్నారు. ఏడిస్తే బాగుంటుందట."

రేవు గోడ పక్కన పాలీన్ కారు ఆపింది. ఇంకో నిమిషం నడిపితే ఎక్కడో గుద్దేసేదేమో. "నెవ్, పుస్తకంలో రాసింది కీత్ కాదు. నేను" అంది.

నెవిల్ మొదట నవ్వాడు. "ఇదేం వేళాకోళమే ఇప్పుడు?"

"నేనే. శనివారం, ఆస్క్యూగారు టీకి వెళ్ళినప్పుడు. డెబ్భై సార్లు. నువ్వు తిండి మానేశావు, చూడలేకపోయాను. మిమ్మల్నందర్నీ పైకి తోద్దామనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. అమ్మ ఏడుస్తోంది, నువ్వు గోడలు గుద్దుతున్నావు, నోరు పెగల్లేదు. రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ..."

ఆమె ఏడుస్తోంది. నెవిల్ ఆమె వైపు చూడలేదు, ఎదురుగా మంచు కరిగి జారుతున్న అద్దం వైపు చూస్తున్నాడు. మూసిపోయిన చేపల కొట్టాల మీద సీగల్ పక్షులు అరుస్తున్నాయి. అతను వాచీ చూసుకున్నాడు.

"పోనియ్యి. టైమవుతోంది."

రేడియో స్టేషనులో కార్యక్రమం నడిపేది బెవ్ అనే కలుపుగోలు మనిషి. "చెల్లెలుగారు కూడా లోపలికి రండి, రండి! ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా!" అని పాలీన్‌ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టి చెవులకి తగిలించుకునేవి ఇచ్చింది. ఆరు కావస్తుండగా లండన్ నుంచి జాబితా ఆఖరికొచ్చింది. నంబర్ వన్. బెవ్ కేక పెట్టి చప్పట్లు కొట్టింది. అద్దం అవతల ఆఫీసు వాళ్ళంతా లేచి నిలబడ్డారు. నెవిల్ నవ్వనూ లేదు, ఏడవనూ లేదు.

"నెవిల్, ఈ క్షణం మీతో ఎవరుంటే బాగుండేదనిపిస్తోంది?" అనడిగింది బెవ్.

"కీత్ డ్రూరీ" అన్నాడు నెవిల్. గొంతు ఎక్కడా తొణకలేదు. "డ్రమ్స్ వాయించాడు. ఇప్పుడు మీ పిల్లలంతా గంతులేస్తున్నది వాడి చేతులకే. రెండేళ్ళ కింద పోయాడు. నేను వెళ్ళలేదు."

"అయ్యో! ఎందుకని?"

"దొంగలెక్క రాసి మా పాటని చంపింది వాడేనని నలభై మూడేళ్ళు ఈ ఊళ్ళో ప్రతి పబ్బులో చెప్పాను. అది అబద్ధం. కీత్ ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. వాళ్ళావిడ వింటూ ఉంటే, అమ్మా, నన్ను క్షమించు."

బెవ్ ముఖంలో నవ్వు తగ్గింది. "మరి ఎవరు రాశారు, నెవిల్?"

నెవిల్ ఉబ్బిన వేళ్ళతో తన ముందున్న మైకు కాడ పట్టుకుని, మెల్లిగా పాలీన్ ముఖం ముందుకి తిప్పాడు.

చెప్పు అని అతను అనలేదు. కళ్ళతో కూడా అనలేదు. మైకు అలా తిప్పి ఊరుకున్నాడు. పాలీన్ నోరు తెరిచింది. ఊరంతా వింటోంది, పక్కింటివాళ్ళు, మందుల షాపు పిల్ల, చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళు, అందరూ. రేడియోలో నాలుగు క్షణాలు మాట లేకపోతే నాలుగు గంటలతో సమానం. నాలుగు అయ్యాయి, అయిదు అయ్యాయి. ఆమె తల దించుకుంది. బెవ్ చటుక్కున "ఎన్నేళ్ళయినా మానని గాయాలుంటాయి కదండీ, ఇదిగో మరి మన నంబర్ వన్" అని పాట వేసేసింది.

బయటికొచ్చాక నెవిల్ కారు వైపు రాలేదు. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. పాలీన్ ఇవతలి గట్టు నుంచి రెండుసార్లు పిలిచింది. బస్సు వచ్చింది, ఎక్కాడు.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళి తలుపు కొట్టింది. తియ్యడనుకుంది. తీశాడు. నిన్నటి చొక్కాతోనే ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"నెవ్, నిన్న భయమేసింది. అంతమంది ముందు..."

"కీత్ ఈ గుమ్మం ముందుకి మూడుసార్లొచ్చాడే పాలీన్. ఆ ఏడు డిసెంబరులో. మూడుసార్లూ నేను తలుపు తియ్యలేదు. వర్షంలో నిలబడి పిలిచాడు. అప్పుడు నువ్వెక్కడున్నావు? లోపల, వంటింట్లో. నాకు టీ కలుపుతున్నావు."

నెవిల్ చెయ్యి తలుపు మీంచి తియ్యలేదు.

"పొద్దున్న ఆ అమ్మాయి ఫోను చేసింది. థాంక్స్ చెబుతోంది నాకు! నాకా! వాళ్ళ నాన్నతో నలభై మూడేళ్ళు మాట్లాడనివాడికా? ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"ముందు అక్కడికెళ్ళు. తర్వాత ఇక్కడికొస్తే తలుపు తీస్తానో లేదో... నాకు తెలీదే. నిజంగా తెలీదు." గట్టిగా వేద్దామనుకుని కూడా వెయ్యలేక, నెమ్మదిగా తలుపు వేశాడు.

పాలీన్ కారు తియ్యలేదు. లియాన్ ఉండేది పక్కనే ఉన్న క్లీథోర్ప్స్‌లో, సముద్రపు ఒడ్డు వెంట గంట నడక. దారి పొడవునా వెనక్కి తిరిగిపోవడానికి వంద సాకులు దొరికాయి. గాలి ఎదురుగా కొడుతోంది, మోకాలు నొప్పి, శనివారం పూట ఇంట్లో ఉంటారో ఉండరో. దొరికిన సాకునల్లా అక్కడే వదిలేసి నడిచింది. ఇంటి ముందు ఆగేసరికి చెమట పట్టింది.

గంట మోగీ మోగకముందే లియాన్ తలుపు తీసింది. లోపలి నుంచి ఆ పాటే వినిపిస్తోంది, ఎవరో పిల్ల దేనిమీదో గరిటతో దరువేస్తోంది.

"ఆంటీ! మీరా!" రెండు చేతులూ పట్టేసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మీరే చెప్పించారు, నాకు తెలుసు! అమ్మ రాత్రంతా పడుకోలేదు. వాళ్ళ పెళ్ళి ఫొటో ముందేసుకుని, మీ పేరు చెప్పారండీ, మీ పేరు చెప్పారండీ అని నాన్నతో ఒకటే కబుర్లు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో! రండి లోపలికి, టీ తాగుదురుగాని, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది."

"ఇక్కడే చెబుతానమ్మా. విన్నాక రమ్మంటే వస్తాను."

"ఏంటాంటీ?"

"ఆ పుస్తకంలో రాసింది నేను. నేను నోరు విప్పలేదు కనకే మీ నాన్న దొంగ అయ్యాడు."

ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. అంతసేపూ లియాన్ ఆమె చేతులు పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసింది.

"మా నాన్నకి తెలుసా?" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "రాసింది మీరని?"

"మొదటి రోజే తెలుసు తల్లీ" అంది పాలీన్.